గులాబీ రంగు నీళ్లు

మా ఊరి మంచినీళ్ల ట్యాంకుకి నేనే ఆపరేటర్ని. మోటారు వేయడం, బ్లీచింగ్ కలపడం, పైపు పగిలితే కట్టడం, నీళ్లు రానినాడు ఊరందరి తిట్లూ తినడం నా పని. కిందటేడు కొత్త రూలు వచ్చింది. పదో తరగతి పాసై, పాడేరులో శిక్షణ తీసుకుని, పరీక్ష నెగ్గినవాడికే ట్యాంకు తాళం. సర్టిఫికెట్ లేనివాడు ఇంటికి పోవాల్సిందే. నేను పది పాసయ్యాను. మిగతాదీ అయిపోతుందనుకున్నాను.

రాతపరీక్ష ఎలాగో గట్టెక్కాను. ప్రాక్టికల్లో గాజు గొట్టంలో కుళాయి నీళ్లు పట్టి, మందుబిళ్ళ వేసి ఊపమన్నారు. నీళ్లలో క్లోరిన్ ఉంటే గులాబీ రంగు తిరుగుతుంది. అది ఎంత ముదురో కార్డు మీది రంగులతో పోల్చి చెప్పాలి. ఊపాను. నాకేమీ కనబడలేదు.

"క్లోరిన్ లేదు సార్," అన్నాను.

శిక్షణ ఇచ్చే సారు ఆ గొట్టం లాక్కుని అందరికీ ఎత్తి చూపించాడు. గదంతా గొల్లున నవ్వింది. ఇంకో గొట్టం నా ముఖం ముందు పెట్టి, "ఇదేం రంగురా?" అన్నాడు. బూడిద రంగన్నాను. ముందు వరసలో కూర్చున్న అమ్మాయి చున్నీ చూపించి మళ్లీ అడిగాడు. ఆ పిల్ల తల దించుకుంది. ఏదో ఒకటి అనాలి కాబట్టి ఆకుపచ్చ అన్నాను. అది ఎరుపట. సారుకి నవ్వీ నవ్వీ కళ్ల వెంట నీళ్లొచ్చాయి.

"వీడి చేతి నీళ్లు తాగితే ఊరు ఊరంతా కాటికే," అని నన్ను ఫెయిల్ చేసేశాడు. నిజం చెప్పొద్దూ, ఆ గొట్టం ఆయన నోట్లో కుక్కాలనిపించింది.

పెద్దాస్పత్రిలో కళ్ల డాక్టరమ్మ పరీక్ష చేసి, నాకు ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియదనీ, అది పుట్టుకతో వచ్చిన లోపమనీ, మందు లేదనీ తేల్చేసింది. ఇలాంటిది తల్లి వైపు నుంచి వస్తుందని కూడా చెప్పింది.

ఇంటికొచ్చేసరికి అయ్య గుమ్మంలోనే ఉన్నాడు.

"ఏటైంది?"

"పోయింది."

"తిండికి తప్ప ఏటికీ పనికిరావు," అని ఉమ్మేసి కాఫీ తోటకేసి వెళ్లిపోయాడు.

చిన్నప్పుడు నా వీపు చిట్లింది ఆ తోటలోనే. ఎర్రగా పండిన కాయలే కోయాలి. నా బుట్టలో సగం పచ్చివే ఉండేవి. పొగరెక్కి కావాలనే కోస్తున్నానని అయ్య కాఫీ కొమ్మ విరిచి బాదేవాడు. నిజంగానే కావాలని చేస్తున్నానేమోనని కొన్నాళ్లకి నాకే అనుమానం వచ్చింది.

అమ్మ పొయ్యి దగ్గర చోడి అంబలి కలుపుతోంది. డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. అమ్మ గరిటె ఆపలేదు.

"మా తమ్ముడికీ అంతే. ఎర్రపండు ఆడి కంటికి ఆనదు," అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. "నీకు తెలుసా? మరి అయ్య నన్ను సావగొడతంటే నోరు మూసుకుని ఊరుకున్నావేటమ్మా?"

"సెప్తే, ఇలాటోడిని కన్నావని నన్ను కొట్టేవోడు," అంది. అంబలి గిన్నె నా ముందుకి జరిపింది. "నిన్ను కొట్టిన నాడు నా జోలికి వచ్చేవోడు కాదురా."