బాపు సీసాలో అమ్మది

డెబ్బైలలో, ల్యాబు పని కొత్తగా నేర్చుకున్న రోజుల్లో, ఎదురైన ప్రతి మనిషి మూత్రమూ పరీక్షించాలని నా చేతులు దురద పెట్టేవి. ఇంట్లో మొదట దొరికినవాడు బాపు.

గౌలిపురలో మాకు నాలుగు బర్రెలు. ఒకనాడు బాపు పెరట్లోంచి వస్తూ గొప్పగా అన్నాడు. "బర్రె పాల లెక్క నా ఉచ్చల గూడ నురగ లేస్తున్నది బిడ్డా. ఒంట్ల సత్తువ ఎక్కువైంది."

"సత్తువ గాదు బాపూ. కిడ్నీలు చెడితే ఒంట్ల ఉండాల్సిన ప్రోటీను బయటికి పోతది, గిట్లనే నురగొస్తది. రేపు సీసాల పట్టియ్యి, చూస్త."

"బిడ్డ చేతిల ఉచ్చ సీసా పెట్టాల్నా?" అని పెద్ద లొల్లి చేశాడు. అమ్మ గదమాయించాక ఒప్పుకున్నాడు. తెల్లారి సీసా గడప మీద పెట్టి, నా వంక చూడకుండా బర్రెల దగ్గరికి జారుకున్నాడు.

ల్యాబులో దాన్ని గాజు గొట్టంలో పోసి స్పిరిట్ దీపం మీద వేడి చేశాను. ఉడికిన గుడ్డు తెల్లసొనలా గడ్డకట్టింది. ఆమ్లం చుక్కలు వేసినా కరగలేదు, అంటే ప్రోటీనే. ఊరివాళ్ల సీసాల్లో అది కనిపిస్తే మురిసిపోయేదాన్ని. ఆ రోజు మాత్రం దీపం కూడా ఆర్పలేదు.

ఇంటికి పరుగెత్తాను. "బాపూ, దవాఖానకు నడు!"

బాపు నేల చూపులు చూశాడు. "భయమైంది బిడ్డా. అది నాది గాదు, మీ అమ్మది."

"ఫికర్ తోని అన్నం తింటలేడు, నేనే నింపిచ్చిన" అంటూ అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

అప్పుడు చూశాను ఆమెను. నెల రోజులుగా పొద్దున్నే ఆమె రెప్పలు ఉబ్బి ఉండేవి. నిద్ర ఎక్కువైందని ఎగతాళి చేసినదాన్ని నేనే. పాదం మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. నవ్వుతున్న అమ్మ నా మొహం చూసి ఆగిపోయింది.

మరునాడు ఇద్దరివీ దగ్గరుండి పట్టించాను. బాపుది శుభ్రం. ఆ నురగంతా ఆయన పోసే జోరు మహిమే. అమ్మను మాత్రం ఆస్పత్రిలో చేర్చుకున్నారు. మందులు మొదలయ్యాయి, ఉప్పు బందయింది. ఆరు వారాలకు వాపు దిగింది, గొట్టంలో తెలుపూ పోయింది.

ఇంటికొచ్చాక కూడా కొన్నాళ్లు ఆమెకు చప్పిడి కూడే. తోడుగా తనూ ఉప్పు ముట్టనని బాపు ఒట్టేశాడు. మూడో రోజే సైదాబాద్‌లో మిర్చి బజ్జీల బండి దగ్గర దొరికిపోయాడు. చూసింది అమ్మే. నోట్లోది మింగలేక, ఉమ్మలేక, ఆయన బండి వైపు మొహం తిప్పుకుని నిలబడ్డాడు.