దెబ్బలు తినే వేషం

సురబాయ పట్నంలోని మా నాటక కంపెనీలో సుమిరాది రోజూ కొరడా దెబ్బలు తినే దాసి వేషం. పంతొమ్మిదేళ్ళ పిల్ల. వీపు మీది వాతలకు కొబ్బరినూనె రాయించుకుంటూనే రాజు వేషం వేసే దర్మోను దెప్పేది: "గట్టిగా కొట్టన్నా! చీమ కుట్టినట్టు కొడితే వెనక బెంచీలవాళ్ళు ఏడుస్తారా?"

మూకీ సినిమాలు తీసే తాన్ గారు ముందు వరసలో కూర్చున్న రోజున, ఆయన తనను వదిలి ఆమెనే చూస్తున్నాడని దర్మోకు ఒళ్ళు మండింది. కొరడాతో ఆమె ముఖం మీదే కొట్టాడు. చెంప చీలి రక్తం కారింది. సుమిరా పడిపోలేదు. కొరడా లాక్కుని, అతను కిరీటం వదిలేసి తెరల వెనక్కి పారిపోయేదాకా బాదింది.

తాన్ గారు లోపలికొచ్చి, "మా బొమ్మలో మాటలక్కర్లేదు, నీ కళ్ళు చాలమ్మా. గాయం మానాక రా," అన్నాడు.

సుమిరా చెంపకు గుడ్డ అదిమిపెట్టి, "మానేదాకా ఆగితే ఈ కోపం చల్లారిపోతుందండీ. రేపు పొద్దున్నే వస్తాను," అంది.