నాంచారమ్మ కట్టిన చీకటి

చిలుకూరులో ఏ గొర్రెపిల్లకు దగ్గు పట్టినా నాంచారమ్మకే కబురు వచ్చేది. ఆమె దాన్ని గంప కింద మూసి, పైన గొంగడి కప్పేది. వెలుతురు తగలకపోతే ఒంట్లో బలం ఒంట్లోనే నిలుస్తుందని ఆమె నమ్మకం. వాడపల్లి దగ్గర, మూసీ కృష్ణలో కలిసే చోట తమ మంద నిలిపిన వేసవుల్లో ఎన్నో పిల్లలు గంప కింద నుంచి లేచి తల్లుల వెంట పరుగెత్తాయి. లేవనివాటిని ఆమె మరిచిపోయింది.

ఈ ఏడు దగ్గు ఆమె భర్త బీరన్నకు పట్టింది. మామూలు గోలీలకు లొంగని టీబీ అని సూర్యాపేట దవాఖానలో వేరే గోలీలు ఇచ్చారు. ఇంట్లో గాలి ఆడాలన్నారు. గోలీలు వేసుకుంటున్నాడు గానీ అతని కంటికి కునుకు లేదు.

మిర్యాలగూడలో నర్సు కోర్సు చదివే కూతురు నాగరాణి ఓ ఆదివారం వచ్చింది.

"చీకట్ల మన తలకాయల మెలటోనిన్ అని ఒకటి ఊరుతదే అమ్మా. నిద్రకు అదే సాయం. రోగాలతోని కొట్లాడనీకె గూడ పనికొస్తదేమోనని ఎలుకల మీద సూస్తున్నరట. ఇంకేం తేలలె."

"ఎలుకల వంతు అయినంక నా వంతా బిడ్డా?" అన్నాడు బీరన్న. నవ్వబోతే దగ్గు ముంచుకొచ్చింది.

నాంచారమ్మ మనసులో చీకటి ఒక్కటే నిలిచింది. కూతురు బస్సెక్కగానే కిటికీలకు యూరియా బస్తాలు కుక్కి, తలుపుకు గొంగడి కట్టింది. మిట్టమధ్యాహ్నం ఆ గది బావి అడుగులా నల్లగా చల్లబడింది. బీరన్న నిద్రపోయాడు. అతని ఊపిరి తన చెంపకు తగిలేంత దగ్గరగా కూర్చుని ఆమె మురిసిపోయింది. రోజూ అలాగే కూర్చుంది.

దసరాకు వచ్చిన నాగరాణి గొంగడి లాగేసింది.

"గాలి ఆడాలని దవాఖానల చెప్పలేదానే?"

"గట్ల గుంజకు. జర సూడు, ఎంత సల్లగ పండిండో." నాంచారమ్మ దగ్గు ఆపుకుంటూ అంది.

నాగరాణి తండ్రిని కాదు, తల్లి మెడ కింద తేలిన ఎముకలను చూస్తోంది. "నీకెప్పటి సంది ఈ దగ్గు?"

"దుమ్ముకు."

సూర్యాపేటలో ఇద్దరికీ పరీక్షలు చేశారు. బీరన్న ఊపిరితిత్తులు రెండూ పాడయ్యాయి, కొత్త గోలీలూ పని చేయడం లేదు. నాంచారమ్మదీ అదే రకం టీబీ. దవాఖాన వరండాలో కూతురు చెప్పింది విని బీరన్న తన సంగతి అడగలేదు. భార్య వైపే చూశాడు.

"నా తమ్మునికి ఫోన్ చెయ్యి బిడ్డా," అన్నాడు. "మందను తోలుకపొమ్మను. ఇగ మాతోని గాదు."

నాంచారమ్మ వద్దనలేదు.