వ్యాను మెట్టుకి పసుపు

మా ఇల్లు ఒక వ్యాను. మంచం, పొయ్యి, నీళ్ళ ట్యాంకు అన్నీ అందులోనే. కోటబొమ్మాళి దాటాక గేర్‌బాక్స్ పోయింది. ఒక రైతు తన కళ్ళంలో ఆపుకోమన్నాడు. కొన్ని వారాలకే దండెం కట్టి, పాలు వాడుక పెట్టుకుని, ఆ ఊరి మనుషుల్లా అయిపోయాం.

ఒకరోజు పొద్దున్నే మా ఆయన స్పేర్ పార్టు కోసం విజయనగరం వెళ్ళాడు. కాసేపటికి నేను తలుపు తీస్తే మెట్టు నిండా పసుపు, కుంకుమ బొట్లు. పైన వేప మండలు వేలాడుతున్నాయి. మెట్టు తొక్కకుండా కిందికి దూకాను. చేతబడి! మమ్మల్ని పొమ్మనడానికి ఇంత చెయ్యాలా?

రైతు భార్య పసుపు చేతులతోనే ఎదురొచ్చింది. "భయపడిపోనావేటమ్మా? అమ్మోరి పండగకి సాటింపు ఏసినారు. ప్రతి గడపకీ పసుపు పుయ్యాల. నీ ఇంటికి గడప నేదు, అందుకే మెట్టుకి పూసినాను."

నా వ్యానుని ఇల్లు అంది. ఆ మాటకి సంతోషించేలోపే మళ్ళీ అడిగింది. "సంబరం అయ్యేదాకా పసుపు పూసిన ఇళ్ళోళ్ళు రాత్రి పొలిమేర అవతల పడుకోకూడదు. మీ ఆయన సందేళకి వచ్చెస్తాడు కదా?"

అప్పుడే ఆయన ఫోన్ చేశాడు. పార్టు రేపు వస్తుందట, అక్కడే లాడ్జిలో ఉండిపోతాడట.

ఇలాంటివి నేను నమ్మను. నమ్మేవాళ్ళతో పోట్లాడతాను కూడా.

"పార్టు గంగలో కలవనీ, ముందు బస్సెక్కు!" అని అరిచాను.