నిద్ర లేవని స్పీకర్ పెట్టె

గొంతు ఆపరేషన్ తర్వాత మా బాపుకు గుసగుస మాత్రమే మిగిలింది. కట్టే భవనాల స్లాబుల మీద నిలబడి కిందివాళ్లను కేకేసి పిలిచిన మనిషి, చాయ్ కావాలన్నా నా చెవి దగ్గరికి రావాల్సి వచ్చేది. నాగ్‌పాడాలో నేను పనిచేసే రిపేరు దుకాణం నుంచి చిన్న స్పీకర్ పెట్టె ఒకటి తెచ్చి ఆయన నడుముకు కట్టాను. నోటి ముందు మైకు. కామాఠిపురాలో మేముండే వరుస గదుల చాల్ వరండాలో ఆయన మాట మళ్లీ వినిపించింది.

ఆ వానాకాలం ఒక మధ్యాహ్నం ఊరి నుంచి బావ ఫోన్ చేశాడు. తన తల్లి, మా మేనత్త, ఇక బతకదన్నాడు. చిన్నప్పుడే తల్లి పోయిన బాపును పెంచిన అక్క ఆమె. ఆమెకు చూపు ఎప్పుడో పోయింది.

"ఒక్కపారి మామతోని మాట్లాడియ్యి. పొద్దటి సంది తమ్ముడేడని అడుగుతున్నది."

బాపు పెట్టె స్విచ్ వేశాడు. ఎర్ర దీపం వెలిగింది గానీ చప్పుడు లేదు. ఫోన్‌కే నోరు ఆనించి మాట్లాడాడు. మెడ నరాలు ఉబ్బాయి.

"ఏమినవడ్తలేదు. ఉత్త గాలే వస్తున్నది," అన్నాడు బావ.

నేను ఫోన్ అందుకున్నాను. "అత్తా, బాపు ఈడనే ఉన్నడు. ఆయన మాట నేను చెప్తా."

"నువ్వెందుకు చెప్పాలె బిడ్డా?" అంది అత్త. "వాడు లేడా? నాకు దాస్తున్నరా?"

అది విని బాపు గోడకు చేరగిలబడ్డాడు.

"బావా, ఫోన్ కట్ చెయ్యకు," అని పెట్టె విప్పాను. మైకు మార్చాను. స్పీకర్ బాగానే ఉంది. శబ్దాన్ని పెంచే చిప్పుకు బ్యాటరీ కరెంటు అందుతోంది. అయినా అది పలకదు. ఆ చిప్పుకున్న లోహపు కాళ్లలో స్టాండ్‌బై అనేది ఒకటి ఉంటుంది. దానికి కాస్త వోల్టేజి అందితేనే చిప్పు మేలుకుంటుంది, లేకపోతే కరెంటున్నా పడుకునే ఉంటుంది. మీటర్ పెట్టి చూస్తే అక్కడ సున్నా. బోర్డు మీద దానికి వెళ్లే సన్నని రాగి గీతను వాన తేమ తినేసింది.

గీతను గీకి సోల్డర్ కరిగించి అతకబోతే ఇంకా ఊడింది. ఫోన్‌లో అత్త ఏడుపు వినిపిస్తూనే ఉంది. ఇక గీతను వదిలేసి, బ్యాటరీ వైపు నుంచి కరెంటు జోరు తగ్గించే రెసిస్టర్‌ను ఒకదాన్ని వైరుతో నేరుగా ఆ కాలికి అతికించాను.

స్పీకర్ టప్పుమంది.

"అక్కా, నేనే," అన్నాడు బాపు.

అవతల ఏడుపు ఆగింది. "గొంతు గిట్లయిందేందిరా?"

ఆపరేషన్ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. బాపు నా వైపు చూశాడు.

"వానల తడిసిన అక్కా. సర్ది అయింది."

"తల తుడుసుకో," అంది అత్త.

ఆ సాయంత్రమే బస్సెక్కాం. తెల్లవారుతుండగా దారిలోనే బావ ఫోన్ వచ్చింది. అత్త పోయిన సంగతి బాపుకు నేనే చెప్పాను. ఆయన కిటికీ వైపు తిరిగాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని ఊరు చేరేదాకా వదల్లేదు.