నిద్రలేచిన పాత పెద్ద

గార్ల దగ్గరి తండాలో గోరీ అనే అమ్మాయి ఇంటి ముందు నుంచి వెళ్లేవాళ్లు కిటికీలోకి తొంగిచూడకుండా పోరు. లోపల మూడు పాత లాప్‌టాప్‌లు రోజంతా తమలో తాము మాట్లాడుకుంటూ ఉంటాయి. కంపెనీ డేటాబేస్ ఒకే లెక్కను ఆ మూడింట్లోనూ దాస్తుంది. ఒకటి పెద్దరికం చేస్తుంది. అది పడిపోతే మిగిలిన రెండింట్లో ఒకటి ఆ గద్దె ఎక్కుతుంది. ఈ ఏర్పాటులో తప్పులు పట్టే పరీక్షలు రాసి, అవి వాటంతటవే నడిచేలా చూడటం గోరీ ఉద్యోగం. తప్పు దొరికితే ఇంత సంబరపడే మనిషి ఆ మండలంలో మరొకరు ఉండరు.

ఆ వారం మాత్రం ఒక పరీక్ష ఆమెను ఏడిపించింది. లెక్కను యాభై నుంచి ఎనభైకి మార్చాక కూడా ఒక్కోసారి పాత యాభైనే కనబడుతోంది. హైదరాబాద్ ఆఫీసులో అదే పరీక్ష ఒక్కసారీ ఫెయిల్ కాలేదు.

"మీ తండా కరెంటే గట్ల చేస్తున్నది చెల్లె," అన్నాడు టీం లీడర్ వీరేందర్ ఫోన్లో. "గా టెస్టు తీసేద్దాం. సోమవారం నుంచి ఈడికే వచ్చి పని చెయ్యి."

గోరీకి కళ్లనీళ్లు తిరిగాయి. సొంత ఇంట్లో ఈ కొలువు చేసుకోవడానికి ఆమె ఎంతమందితో పోట్లాడిందో! పోనీ కరెంటుదే తప్పందామా అంటే, ఆ రోజు కరెంటు పోనే లేదు. పరీక్ష మాత్రం మళ్లీ ఫెయిలైంది.

మర్నాడు తల్లి కమిలి చీపురు పట్టుకుని గదిలోకి వచ్చింది. మిరపకాయలు ఆరబోసే కాలం, ఘాటు దుమ్ము ఇంట్లోకి కొడుతోంది. మూలనున్న లాప్‌టాప్ మూత భద్రంగా మూసి, గదంతా ఊడ్చి, మళ్లీ తెరిచిపెట్టింది. మూత వేసేటప్పటికి పెద్దరికం దానిదే. తెర మీద పరీక్ష ఫెయిలై భగ్గున ఎర్రబడింది.

తండాలో అమ్మను యాడీ అంటారు. వాళ్లు మాట్లాడుకున్నది లంబాడీలోనే, మనకోసం తెలుగులో చెప్పుకుందాం.

"యాడీ! రోజూ గిట్లనే మూస్తవా?"

"దుమ్ము పడదా మరి? ఖరాబైతే నువ్వే లొల్లి చేస్తవ్!"

గోరీ పగలబడి నవ్వింది. మూత పడగానే లాప్‌టాప్ నిద్రపోతుంది. ఈలోగా మిగిలిన రెండూ కొత్త పెద్దను ఎన్నుకుని లెక్క మార్చేస్తాయి. నిద్రలేచిన పాత పెద్దకు గద్దె పోయిన సంగతే తెలియదు, ఎవరినీ అడగకుండా పాత లెక్కే చెప్పేస్తుంది. ఓడిపోయిన సర్పంచ్ పొద్దున్నే లేచి సంతకాలు పెట్టినట్టు! తప్పు తండాది కాదు, డేటాబేస్‌దే.

వెంటనే వీరేందర్‌కు ఫోన్ చేసింది. "అన్నా, టెస్టు నడుస్తుంటే పెద్దరికం చేసేదాన్ని జర నిద్రపుచ్చి, కొంచెం ఆగి లేపు."

అవతల కీబోర్డు టకటకలాడింది.

"అరే! ఈడ గూడ యాభయ్యే!" అని అరిచాడు వీరేందర్. "గిది గిట్లనే బయటికి పోయుంటే మన పరువు గంగల కలిసేది. టెస్టు ఉండనీ. నిద్రపుచ్చుడు గూడ దాంట్లనే రాసెయ్."

"మరి సోమవారం?"

"ఏం సోమవారం? నువ్వు గాడనే ఉండు. ఈడ అంత మంచిగ ఊడ్చేటోళ్లు ఎవరున్నరు?"

గోరీ తల్లిని ఎత్తి గిరగిరా తిప్పేసింది. "నేను పోతలేను యాడీ!"

నిన్నటి నుంచి "పో బిడ్డా, పట్నం మంచిగుంటది" అని ధైర్యం చెబుతున్న కమిలి చీపురు వదిలేసి, కూతురి మెడ పట్టుకుని బావురుమంది.

"నువ్వు పోతే నాకు బువ్వ గూడ దిగదనుకున్ననే," అంది వెక్కిళ్ల మధ్య నవ్వుతూ.