రానోళ్లను అడిగిండ్రా?

గద్వాల బడిలో లెక్కలు చెప్పే నేనే తప్పు లెక్క కట్టాను. సాయంత్రం కబడ్డీకి వచ్చిన పిల్లల్ని మాత్రమే, మిగతావాళ్లు ఎందుకు రారని అడిగి, మగ్గమున్న ఇళ్లలో తండ్రులకు ఆటలంటే గిట్టదని తేల్చేశాను. ఆ ఇళ్ల పిల్లల పేర్లు జట్టులోంచి కొట్టేయమన్నాను కూడా.

మా డ్రిల్లు సారుకు ఈలను పెదవుల దాకా తెచ్చి ఊదకుండా ఆపే అలవాటు. అలాగే ఆపి, "రానోళ్లను అడిగిండ్రా సారూ?" అన్నారు.

ఇద్దరం నేతవాడకు వెళ్లాం. చీరకు అంచు కలపాలంటే మగ్గం మీద ఇద్దరుండాలి. బడి విడవగానే రెండోవైపు కూర్చునేది కొడుకే.

"ఆటంటే నాకేం కోపం సారూ? పొద్దుగాల ఆడిపియ్యుండ్రి," అన్నాడు ఒక తండ్రి.

ఆట ఉదయానికి మారింది. పేర్లు నిలిచాయి, మైదానం నిండింది.

"ఇగ అందరొస్తుండ్రు!" అన్నారు సారు.

"ఆడపిల్లల్ని అడిగిండ్రా సారూ?" అన్నాను.

ఈల జేబులోకి పోయింది. నా కసి తీరింది. ఆయన మాత్రం అప్పుడే అమ్మాయిల తరగతి వైపు నడిచారు.